ట్యాబ్ చలేగా నా? ముందు పని హిసాబ్ వేయండి

ఇంటర్ రిజల్ట్స్ రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఖమ్మం నుంచి, కొత్తగూడెం నుంచి, భద్రాచలం నుంచి, ఒక్కోసారి చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి. పత్రికలో పనిచేసేవాడికి కంప్యూటర్ల సంగతి తెలిసే ఉంటుందని మనవాళ్ల ఖయాల్. సవాల్ మాత్రం అందరిదీ ఒకటే: "భాయ్, బచ్చీ డిగ్రీలో చేరుతోంది. ట్యాబ్ తీసుకుంటే చలేగా నా? ల్యాప్‌టాప్ కైకు?"

ట్యాబ్ చవక. తేలిక. చూడ్డానికి ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. దుకాణంలోవాడు కూడా "ఇప్పుడు అన్నీ దీంట్లోనే అవుతాయి సాబ్" అంటాడు. మధ్యతరగతి ఇంట్లో ఇరవై వేలంటే చిన్న రఖమ్ కాదు కాబట్టి ఆ మాట తియ్యగానే వినిపిస్తుంది. కానీ ఆ 'అన్నీ' అనే మాటలో ఏమేం ఉన్నాయో ఎవరూ విప్పి చూడరు. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదిది. అందుకే ఇక్కడ తఫ్సీల్‌గా రాస్తున్నా.

మిషన్ మీద చేసే పని ఏదైనా రెండు రకాలు. ఒకటి లేనే కా కామ్, రెండోది దేనే కా కామ్. క్లాసు వినడం, పీడీఎఫ్ చదవడం, వీడియో చూడడం, ఖబర్లు తెలుసుకోవడం, సౌదీలో ఉన్న అబ్బాతో వీడియో కాల్ మాట్లాడడం, ఇవన్నీ తీసుకునే పనులు. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయడం, దుకాణం లెక్కలు ఎక్సెల్‌లో పెట్టడం, ప్రోగ్రాం రాయడం, షాదీ రుఖా డిజైన్ చేయడం, నౌక్రీకి దరఖాస్తు తయారు చేయడం, ఇవి ఇచ్చే పనులు. తీసుకునే పనికి ఒక్క వేలు చాలు. ఇచ్చే పనికి పది వేళ్లూ కావాలి. ట్యాబ్‌కు, ల్యాప్‌టాప్‌కు మధ్య అసలు ఫరఖ్ ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఈ ఫరఖ్ చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు. భద్రాచలం పట్నం దాటితే ఎటపాక. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఎటపాక, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం ఇలాకా అవతలి రాష్ట్రానికి పోయింది. పట్నం ఇవతల ఉండిపోయింది. ఒకే బజారుకు సౌదా కోసం వచ్చే కుటుంబాల పిల్లలు రెండు సర్కార్ల బడుల్లో చదువుకుంటున్నారు. అందుకే అవతలి సర్కార్ తన పిల్లల చేతుల్లో ఏం పెట్టిందో ఇవతలి మనకు కళ్ల ముందే కనిపించింది.

2021 జనవరిలో నెల్లూరులో జరిగిన అమ్మఒడి సభలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఒక మాట చెప్పారు. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే పిల్లలు కావాలంటే డబ్బుకు బదులు ల్యాప్‌టాప్ తీసుకోవచ్చన్నారు. ఆ ల్యాప్‌టాప్ పిల్లల దాకా రాలేదు. తర్వాత వచ్చింది ట్యాబ్, అది కూడా ఎనిమిదో తరగతికి. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలైంది. పిల్లలకు 4,59,564, టీచర్లకు 59,176, మొత్తం 5,18,740 శాంసంగ్ ట్యాబ్‌లు. ఖర్చు 686 కోట్లు, అంటే ఒక్కోటి దాదాపు 13,200 రూపాయలు. తెర 8.7 అంగుళాలు. లోపల బైజూస్ పాఠాలు. మరుసటి ఏడాది డిసెంబర్ 21న రెండో విడత, అప్పట్లో చింతూరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే, చింతపల్లిలో.

ఇందులో ఉన్న సియాసత్ జోలికి నేను పోను. మిషన్ వరకే మాట్లాడతా. పాఠం చూడడానికి ట్యాబ్ మంచిదే. సిగ్నల్ అందని ఊళ్లో పాఠాలు ముందే లోపల ఉండడం ఇంకా మంచిది. కానీ ల్యాప్‌టాప్ పోయి ట్యాబ్ వచ్చేసరికి ఒక సంగతి చప్పుడు లేకుండా మారిపోయింది. ల్యాప్‌టాప్ అన్నప్పుడు పిల్లవాడు దాంతో ఏదో చేస్తాడనే ఉమ్మీద్ ఉంది. ట్యాబ్ ఇచ్చేటప్పుడు పిల్లవాడు దాంట్లో ఏదో చూస్తాడనే ఇంతెజామ్ మాత్రమే ఉంది. చదువు తప్ప వేరేది నడవకుండా తాళం వేసి మరీ ఇచ్చారు. ఎనిమిదో తరగతికి అది సబబే అనుకుందాం. డిగ్రీ చదివే పిల్లకు మన ఇళ్లల్లో మనమే అలాంటి తాళం వేస్తున్నామేమో చూసుకోవాలి.

ట్యాబ్‌కు నేను దుష్మన్‌ను కాను. మన ఇలాకాలో దాని ఖూబియా చాలా ఉన్నాయి, ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి.

మొదటిది కరెంటు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో ఇంట్లో కరెంటు పోతే, జేబులో పట్టే పవర్ బ్యాంక్‌తో నడిచే మిషనే మిషన్. రెండోది సిమ్. చాలా ట్యాబ్‌లలో సిమ్ కార్డు వేసుకోవచ్చు. వైఫై లేని పల్లెలో అది పెద్ద సహూలత్. మూడోది కెమెరా. స్కాలర్‌షిప్ కోసం ఈపాస్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు సర్టిఫికెట్లు ఫొటో తీసి పీడీఎఫ్ చేయడం ట్యాబ్‌లోనో ఫోన్లోనో క్షణాల పని. అదే ల్యాప్‌టాప్‌లో చేయాలంటే స్కానర్ వెతుక్కోవాలి. నాలుగోది మన బుజుర్గ్‌లు. చత్వారం వచ్చిన దాదీకి అక్షరాలు వేలితో పెద్దవి చేసుకొని తిలావత్ చేసుకోవడానికి, దూరంలో ఉన్న మనవళ్లను చూసుకోవడానికి ట్యాబ్ కంటే మంచి చీజ్ లేదు. అడవి ఊళ్లు తిరిగి సర్వే చేసేవాళ్లకు, స్టాకు ఫొటోలు చూపించి అమ్ముకునే వ్యాపారులకు, రోజూ తిరుగుళ్లలోనే ఉండేవాళ్లకు కూడా అదే నయం.

రాయడం విషయంలో కూడా ట్యాబ్‌ను తక్కువ చేయడానికి లేదు. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. గూగుల్ కీబోర్డ్‌లో రెండు జబానులూ ఉన్నాయి. నోటితో చెప్తే తనే రాసుకుంటుంది. వాట్సాప్‌లో నాలుగు వాక్యాల ఖబర్ పంపడానికి ఇంతకంటే ఏం కావాలి? మండల విలేకరులు ఎంతోమంది ఇప్పుడు వార్త మొత్తం ఫోన్లోనే కొట్టి పంపేస్తున్నారు.

అయితే ఆ వార్త పేజీ మీద కూర్చునే చోటికి రండి. అక్కడ ఇంకా కీబోర్డ్‌దే రాజ్యం. తెలుగు డీటీపీ దుకాణాల్లో అను ఫాంట్లు, పేజ్‌మేకర్. ఉర్దూ అయితే 1994లో వచ్చిన ఇన్‌పేజ్. షాదీ రుఖా, దుకాణం బోర్డు, జల్సా పోస్టర్, ఉర్దూ అఖ్బార్ పేజీ, నస్తాలీఖ్‌లో అందంగా రావాలంటే చాలామంది ఇప్పటికీ దాని దగ్గరికే పోతారు. ఇవి విండోస్ కంప్యూటర్ కోసం తయారైనవి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఎక్కించుకోలేరు. బీకాం పిల్లలు నేర్చుకునే ట్యాలీ కూడా విండోస్ మీదే నడుస్తుంది. టెండర్లు వేసే కాంట్రాక్టర్ దగ్గరుండే డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ గుచ్చాల్సింది కూడా కంప్యూటర్‌కే. ఎక్సెల్ ట్యాబ్‌లో తెరుచుకుంటుంది, కానీ ఆఫీసుల్లో వాడే మాక్రోలు అందులో నడవవు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్ల బ్రౌజర్‌లో కొంత దూరం పోగలదు, ఫోన్ యాప్ తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోకు మాత్రం కంప్యూటర్ కావాల్సిందే. ఆండ్రాయిడ్ యాప్ తయారు చేయడానికి ఆండ్రాయిడ్ ట్యాబ్ పనికిరాదన్నమాట. ఈ ఒక్క ముక్కలోనే సంగతంతా ఉంది.

పెద్ద కంపెనీల తారీఖ్ చూసినా ఇదే తేలుతుంది. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను చూపించినప్పుడు దాన్ని ఫోన్‌కు, ల్యాప్‌టాప్‌కు నడిమధ్య వస్తువుగా పరిచయం చేశాడు. ల్యాప్‌టాప్ తీసి పారేయమని అనలేదు. మన దేశంలో 2011 అక్టోబర్ 5న 'ఆకాశ్' ట్యాబ్ విడుదలైంది. ప్రపంచంలోనే చవక ట్యాబ్ అన్నారు, విద్యార్థుల తఖ్దీర్ మారుతుందన్నారు. 256 ఎంబీ మెమరీతో, గట్టిగా నొక్కితే తప్ప కదలని తెరతో అది ఎక్కువ దూరం నడవలేదు. 2012లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ఆర్‌టీ అనే ట్యాబ్ తెచ్చింది. చూడ్డానికి విండోస్‌లాగే ఉన్నా పాత విండోస్ సాఫ్ట్‌వేర్లు అందులో నడవలేదు. మరుసటి ఏడాది ఆ కంపెనీ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకోవాల్సి వచ్చింది. ఆపిల్ 2020లో ఐప్యాడ్‌కు మౌస్ బాణం, ట్రాక్‌ప్యాడ్ ఉన్న కీబోర్డ్ ఇచ్చింది. 2025లో కంప్యూటర్‌లాగే పక్కపక్కన కిటికీలు తెరుచుకునే ఏర్పాటు చేసింది. ట్యాబ్‌ను ల్యాప్‌టాప్‌లా పనిచేయించాలనుకున్న ప్రతిసారీ దానికి ల్యాప్‌టాప్ సామానే తగిలించారు. ఆ సామానంతా ఉన్న ఖరీదైన ఐప్యాడ్‌తో కొన్ని పనులు జరుగుతాయి, కాదనను. ఆ ధరకు మంచి ల్యాప్‌టాప్ వచ్చి ఇంకా డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు నాకు ఫిక్ర్ పుట్టించే మసలాకు వస్తా. నేను చూసిన ఇళ్లల్లో బేటా ఇంజనీరింగ్‌లో చేరితే ల్యాప్‌టాప్ ప్రశ్నే లేకుండా వస్తుంది. కిస్తుల మీదైనా తెస్తారు. బేటీ బీకాంలోనో బీఎస్సీలోనో చేరితే "క్లాసులు వినడానికే కదా, ట్యాబ్ చాలు" అంటారు. "లడ్కీ కు ల్యాప్‌టాప్ కైకు?" అనే మాట నేను ఒకరిద్దరి నోట విన్నది కాదు. అందులో చెడు నియ్యత్ ఏమీ లేదు. చాలామందికి అది ఖర్చు లెక్క, అంతే.

ఆ ఇళ్లల్లోనే ఇంకో మాట కూడా వింటాను. "చదువు అయ్యాక బయటికి పంపడం కష్టం భాయ్. ఇంట్లో కూర్చొని చేసే పనైతే చేసుకోనిస్తాం." బహుత్ అచ్ఛా. మరి ఇంట్లో కూర్చొని చేసే పనులు ఏవి? అకౌంట్లు రాయడం, డేటా ఎంట్రీ, అనువాదం, డిజైనింగ్, ప్రోగ్రామింగ్, కస్టమర్లకు జవాబులివ్వడం. వీటిలో దాదాపు అన్నీ దేనే కా కామ్. కంపెనీలు ఇంటి నుంచి పని ఇచ్చేటప్పుడు మొదట అడిగేది ల్యాప్‌టాప్ ఉందా, నెట్ ఉందా అనే. ఇంట్లోంచే పని చేయమని షరతు పెట్టి, ఇంట్లోంచి ఏ పనీ చేయలేని మిషన్ చేతికిస్తున్నాం. భద్రాచలంలో ఉండే పిల్లకు ఖమ్మం అంటేనే మూడు గంటల బస్సు, హైదరాబాద్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి పిల్లకు ఇంట్లో ఉన్న కీబోర్డే దగ్గరి రాస్తా. హైదరాబాద్‌లో ఉన్న పిల్ల కంటే ఈ అడవి అంచున ఉన్న పిల్లకే ల్యాప్‌టాప్ జరూరత్ ఎక్కువ అంటాను.

పరీక్షల సంగతి కూడా చూడండి. తెలంగాణలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. జేఈఈ మెయిన్ 2019 నుంచి అంతే. 2024లో టీచర్ ఉద్యోగాల డీఎస్సీ కూడా కంప్యూటర్ మీదే జరిగింది. వేలితో తెర నెట్టడం మాత్రమే అలవాటైన పిల్ల మొదటిసారి మౌస్ పట్టుకునేది పరీక్ష హాల్లో అయితే, టైమ్ నడుస్తుంటే ఆమె గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించుకోండి.

మన ఇళ్లల్లో ఒక్క మిషన్ రావడమే పెద్ద సంగతి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న పల్లె కుటుంబాలు వందకు నాలుగు చిల్లర మాత్రమే. ఆ లెక్కలో ట్యాబ్‌ను కూడా కంప్యూటర్‌గానే గిన్తీ చేశారు. అంటే కొనేది ఒకటే అయినప్పుడు అది ఏది అనే ఫైసలా ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదీ మీదా ఉంటుంది. ఇక్కడ మనవాళ్లు ఒక సంగతి మరిచిపోతుంటారు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఇప్పటికే ఉంది. ఫోన్ అంటే చిన్న ట్యాబే. క్లాసు వినడం, పీడీఎఫ్ చదవడం దాంట్లో ఎలాగో జరిగిపోతున్నాయి. ట్యాబ్ కొంటే ఉన్న పనికే కాస్త పెద్ద తెర వస్తుంది. ల్యాప్‌టాప్ కొంటే ఇప్పటిదాకా ఇంట్లో లేని పని మొదలవుతుంది.

దీనికి మూడు ఏతరాజ్‌లు వస్తాయి. మూడూ వినదగినవే.

ఒకటి, పైసలు. కొత్త ల్యాప్‌టాప్ చాలామందికి భారమే. కానీ ట్యాబ్‌కు కీబోర్డ్ కవర్, పెన్ను, మెమరీ కార్డు కలిపి హిసాబ్ వేయండి. ఇరవై వేల చుట్టుపక్కలకు చేరుతుంది. ఆ రఖమ్‌కు ఆఫీసుల్లో వాడి తీసేసిన గట్టి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ దొరుకుతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇలాంటి దుకాణాలు వరసగా ఉంటాయి. కొనేటప్పుడు కొన్ని చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరంది గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. అంతకంటే పాతది ఎంత సస్తాగా ఇచ్చినా వద్దు. ర్యామ్ 8 జీబీ ఉండాలి, హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉండాలి. చార్జర్ తీసేసి అక్కడే అరగంట నడిపి బ్యాటరీ చూడండి. కీబోర్డ్ మీద ప్రతి మీటా నొక్కి చూడండి. బిల్లు, వారంటీ కాగితం లేకుండా బయటికి రావద్దు.

రెండు, కరెంటు, సిగ్నల్. ల్యాప్‌టాప్‌లో సిమ్ వేసే చోటు సాధారణంగా ఉండదు, నిజమే. ఫోన్లో హాట్‌స్పాట్ పెడితే సరిపోతుంది. రాయడానికి, లెక్కలు వేయడానికి నెట్ అవసరమే లేదు. కరెంటు ఉన్నప్పుడు చార్జ్ చేసి పెట్టుకుంటే, బ్యాటరీ బాగుంటే రెండు మూడు గంటల పని జరిగిపోతుంది. రోజంతా కరెంటు లేని ఊరైతే మాత్రం ట్యాబ్ వైపే నేనూ మొగ్గుతా.

మూడోది నోరు తెరిచి చెప్పరు, మనసులో ఉంటుంది: ల్యాప్‌టాప్ ఇస్తే బచ్చీ బిగడ్ జాతీ. చెడిపోవడానికి కావాల్సినవన్నీ ఫోన్లో ఇప్పటికే ఉన్నాయి కదా భాయ్. ట్యాబ్‌ను దుప్పటి కింద పెట్టుకొని అర్ధరాత్రి దాకా చూడొచ్చు. ల్యాప్‌టాప్‌కు బల్ల కావాలి, ప్లగ్ కావాలి. దాన్ని నడి హాల్లో, అందరూ తిరిగే చోట పెట్టండి. తనతో పాటు తమ్ముడూ నేర్చుకుంటాడు, అమ్మీ కూడా ఒకరోజు కూర్చుంటుంది.

ఇక ఫైసలా ఎలా చేయాలి? నా మష్వరా ఇదీ. కొనేముందు ఒక వారం ఆగండి. ఒక కాపీ తీసి పేజీ మధ్యలో గీత గీయండి. ఒక పక్క లేనా, ఒక పక్క దేనా. ఆ వారంలో మిషన్‌తో పడిన ప్రతి పనీ, ఫోన్లో చేసినదీ, నెట్ సెంటర్‌కు పోయి చేయించుకున్నదీ, మిషన్ లేక ఆపేసినదీ ఏ పక్కకు వస్తే ఆ పక్క రాయండి. నెట్ సెంటర్‌లో ఇచ్చిన పైసలు కూడా పక్కనే వేయండి. వారం చివర మూడు సవాళ్లు వేసుకోండి. ఒక పేజీ మించి రాయాల్సిన పని ఉందా? ఒకటి చూస్తూ ఇంకోదాంట్లో రాయాల్సిన పని ఉందా? విండోస్ లేకుండా నడవని సాఫ్ట్‌వేర్ ఏదైనా కోర్సులోనో కారోబార్‌లోనో ఉందా? మూడింటికీ లేదు అని వస్తే ట్యాబ్ బేఫికర్‌గా తీసుకోండి, ల్యాప్‌టాప్ మీద పెట్టే పైసా ఫజూల్ ఖర్చీయే. ఒక్కదానికి అవును అని వచ్చినా ఆ పని ఎన్నిసార్లు పడుతుందో చూడండి. నెలకు ఒకసారి అయితే నెట్ సెంటర్ చాలు. వారానికి రెండుసార్లు పడితే ల్యాప్‌టాపే, సెకండ్ హ్యాండ్ అయినా సరే.

ఆ కాపీ మీరు రాయకండి, బచ్చీ చేత రాయించండి. ఇప్పుడు చేస్తున్న పనులే కాకుండా, మూడేళ్ల తర్వాత ఏం చేయాలనుకుంటుందో కూడా కింద రాయమనండి. ఎంత ఖర్చు పెట్టగలమన్నది అబ్బాకు తెలుసు. ఏం చేయగలదన్నది మాత్రం ఆమెనే అడగాలి. చాలా ఇళ్లల్లో ఆ సవాల్ ఆమెను ఇంకా ఎవరూ అడగలేదు.